285 యూరోల వ్యాను దిగి చూసిన మ్యూజియం

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను, అది కక్కితే గానీ మిగతాది రాయలేను. పోర్చుగల్‌లోని పోర్టో ఊళ్ళో మేం దిగిన వీధి చివర ఒక టూర్ ఏజెంటు ఉన్నాడు. మనిషికి 95 యూరోలు, ముగ్గురికి 285. కాగితం మీద రాసిచ్చినవి ఇవి: డోరో నది లోయ, పడవ షికారు, రెండు తోటల్లో వైన్ రుచి, భోజనం, డోరో మ్యూజియం. నేను ఒప్పుకున్నది ఆ చివరి మాట చూసే. మా మామగారు చుక్క ముట్టరు, మా ఆవిడా అంతే. వాళ్ళిద్దర్నీ వెంటేసుకుని వైన్ లోయకి వెళ్ళేవాడికి మ్యూజియం తప్ప వేరే దిక్కేముంది?

మొదటి తోటలో నలభై నిమిషాలు సీసాలు అమ్మడానికే సరిపోయాయి. రెండో తోటలోనూ అదే తంతు. పడవ మాత్రం బాగుంది, దానికి వంక పెట్టను. సాయంత్రం నాలుగు దాటాక రెగ్వా ఊళ్ళో నది ఒడ్డున వ్యాను ఆపి, గైడు ఒక పాత భవనం చూపించాడు. "ఇదే మ్యూజియం. ఫొటోలు తీసుకోండి, పది నిమిషాలు." నేను కాగితం తీశాను. అతను నవ్వి, "మ్యూజియం అని ఉంది, ప్రవేశం అని లేదు కదా" అన్నాడు. నిజమే, లేదు. అక్షరం పొల్లుపోకుండా మోసం చేయడమంటే ఇదే కాబోలు.

వెనక సీట్లోంచి మామగారు చేతిసంచి తీసుకుని దిగారు. "మీరు వెళ్ళండి అల్లుడుగారూ. నేను రేపు ఇది చూసుకుని వస్తాను." ఇంగ్లీషు రాదు, పోర్చుగీసు అసలే రాదు, వయసు డెబ్బై ఒకటి. పొద్దున్నుంచీ ముఖం ముడుచుకుని కూర్చున్న మా ఆవిడ అప్పుడు నవ్వింది. తనూ దిగింది. పోర్టో గదిలో సామాను, కట్టిన అద్దె అన్నీ వదిలేసి, కట్టుబట్టలతో రెగ్వాలో ఉండిపోయాం.

గది వేట గంటన్నర సాగింది. రైలు పట్టాల పక్కన ఒకచోట మూడో మంచంతో కలిపి 70 యూరోలకి ఒప్పుకున్నారు. ఫ్యాను లేదు. డోరో వాళ్ళ సామెత ఒకటుంది, తొమ్మిది నెలలు శీతాకాలం, మూడు నెలలు నరకం అని. వాళ్ళ భాషలో ఇన్వెర్నో, ఇన్ఫెర్నో అని ప్రాస కుదురుతుంది. మాకు ఆ మూడు నెలల్లో మిగిలిన తోక దొరికింది. పొద్దున లెక్క 85 అయింది, మూడో మంచానికి పదిహేను అట. నేను గొడవ పడలేదు. ఫిర్యాదుల పుస్తకం ఇమ్మన్నాను, అంతే. పోర్చుగల్‌లో జనానికి సేవలందించే ప్రతి వ్యాపారం ఆ పుస్తకం ఉంచాలి, అడిగితే ఇవ్వాలి. 'లివ్రో', అంటే పుస్తకం, అన్నంతలోనే 85 కాస్తా మళ్ళీ 70 అయింది. ఈ ఒక్క మాట నేర్చుకుని వెళ్ళండి.

హోటల్లో కూడా ఒక జాగ్రత్త. కూర్చోగానే అడగకుండా రొట్టె, ఆలివ్‌లు, జున్ను తెచ్చి పెడతారు. మర్యాద అనుకుంటాం. తింటే బిల్లు పడుతుంది, ముట్టకుండా వద్దంటే పడదు. మేం ఆలివ్‌లు తిన్నాం, 7.50 కట్టాం. కూరాకు సూప్ అడిగితే దాంట్లో ఒక సాసేజ్ ముక్క తేలుతూ వచ్చింది. మా ఆవిడ ఆ రాత్రి రొట్టెతో సరిపెట్టుకుంది, ఆ కోపమూ ఏజెంటు ఖాతాలోనే వేసింది.

ఇక మ్యూజియం. ముగ్గురి టికెట్లూ కలిపి ఆ ప్యాకేజీలో పదో వంతు దాటలేదు. నేను గంట చాలనుకున్నాను, మూడు గంటలు పట్టింది.

ఆ భవనం కథ వినగానే నిన్నటి మంట కాస్త చల్లారింది. 1756లో పోర్చుగల్ రాజుగారి మంత్రి పొంబాల్ మార్క్వెస్ పెట్టించిన వైన్ కంపెనీ ఇల్లది. ఆ కంపెనీ ఎందుకు పుట్టిందంటే, మోసం వల్లే! ఇంగ్లండు కొనుగోళ్ళు పెరిగేసరికి కొందరు వైన్లో రంగు కోసం ఎల్డర్‌బెర్రీ అనే నల్లటి పళ్ళ రసం కలిపారు, నాసిరకం సరుకు కలిపారు. పేరు చెడింది, ధర పడింది. పొంబాల్ లోయకి సరిహద్దులు గీయించి 335 గ్రానైటు రాళ్ళు పాతించాడు, లోపల ఎల్డర్‌బెర్రీ చెట్లు పీకించాడు. కంపెనీ గుత్తాధిపత్యం మీద 1757లో పోర్టోలో అల్లరి లేస్తే జనాన్ని ఉరి కూడా తీయించాడు, కాబట్టి ఆయన్ని మరీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. "కల్తీగాళ్ళని అడ్డుకోడానికి కట్టిన ఇంటి ముందే మనకి కల్తీ టూరు అమ్మారు" అంది మా ఆవిడ.

మామగారు గడ్డపారలు, కత్తెరలు, వీపున మోసే బుట్టల దగ్గర ఆగిపోయారు. నలభై ఏళ్ళు బత్తాయి తోట చేసిన మనిషి. ఫైలోక్సెరా అనే వేరుపురుగు 1860లలో వచ్చి తోటల్ని ఎలా ఎండబెట్టిందో నేను చదివి చెబుతుంటే, మందేమిటో చెప్పేలోపే ఆయనే అందుకున్నారు: "వేరు మార్చి ఉంటారు." అవును, పురుగుని తట్టుకునే అమెరికా ద్రాక్ష మొదళ్ళ మీద అంటుకట్టారు. "మనం జంబేరి నిమ్మ మీద బత్తాయి అంటుకట్టినట్టే" అన్నారు. కొండల మీద తీగ లేకుండా ఖాళీగా మిగిలిన రాతి మెట్లు నిన్న వ్యానులోంచి చూశాం, గైడు వాటి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. అవి అప్పుడు చచ్చిపోయిన తోటలు. మోర్టోరియో అంటారు. మామగారు ఆ మాట రెండుసార్లు పలికి చూసుకున్నారు.

తర్వాత జరిగింది ఎన్ని యూరోలిచ్చినా దొరకదు. పక్క గుంపుకి ఎవరో పోర్చుగీసులో చెబుతున్నారు. మామగారు తల తిప్పి, "ఏమన్నాడు? పీపా అన్నాడు కదూ?" అన్నారు. పీపాయే! డోరోలో పీపా అంటే 550 లీటర్ల కొలత. మన పీపా వాళ్ళ దగ్గర్నుంచి వచ్చిందే. మేస్త్రీ, అలమర, బొత్తాం కూడా అలా వచ్చినవే అని నేను చెప్పాను. అంతే, అప్పటిదాకా నా అనువాదం కోసం ఆగుతూ వచ్చిన మనిషి మాకంటే ముందు నడవడం మొదలుపెట్టారు. ఆ పీపాల్ని రాబెలో అనే పడవల మీద సుడులు దాటించి పోర్టో ఎదురుగా ఉన్న గైయా గోదాములకి చేర్చేవారు. ఇప్పుడు ఆనకట్టలతో నది చెరువులా నిలిచింది. 1861లో వలైరా సుడిలో పడవ బోల్తాపడి ఫారెస్టర్ అనే ఇంగ్లీషు వర్తకుడు మునిగిపోయాడు. అదే పడవలో ఉన్న దొన అంటోనియా ఫెరైరా బతికింది. ఆమె ఘాఘరా గాలికి ఉబ్బి తేల్చిందని చెప్పుకుంటారు. భర్త పోయాక ఎన్నో ద్రాక్షతోటలు నడిపిన మనిషని తెలిసి మా ఆవిడ ఆమె గురించి ఇంకా ఇంకా చదివించింది.

పోర్ట్ అనే ఈ లోయ తీపి వైన్ తయారీ దగ్గర మామగారిది ఒకే ప్రశ్న: "పులిసేది మధ్యలో ఎందుకు ఆపుతారు?" తీపి మిగలడానికి. బ్రాందీ పోస్తే ఈస్టు చస్తుంది, చక్కెర ఉండిపోతుంది. "తెలివే" అన్నారు, గ్లాసు వైపు మాత్రం చూడలేదు.

వెళ్ళేవాళ్ళకి నా మాట: వ్యాను జోలికి పోకండి. పోర్టో నుంచి రెగ్వాకి రైలు రెండు గంటలు, వెళ్ళేటప్పుడు కుడివైపు కూర్చుంటే నది కనబడుతుంది. 65 దాటినవాళ్ళకి సగం టికెట్, వయసు రుజువు దగ్గర ఉంచుకోండి. మా ముగ్గురి తిరుగు ప్రయాణం ముప్ఫై యూరోలు దాటలేదు. స్టేషన్ దగ్గర తెల్ల ఏప్రన్లు కట్టుకున్న ఆడవాళ్ళు బుట్టల్లో చక్కెర బిళ్ళలు అమ్ముతారు, రెగ్వాకి పేరు తెచ్చిన సరుకది. మామగారు మూడు పొట్లాలు కొన్నారు, పోర్టో చేరేసరికి ఒకటి మిగిలింది.

ఏజెంటుకి రాశాను. మధ్యలో దిగింది మీరే కాబట్టి డబ్బు వెనక్కి రాదన్నాడు. పాత కస్టమర్లమని తర్వాతి టూరుకి పది శాతం తగ్గింపు కూపన్ పంపాడు. నా ఫోనులోనే ఉంది, ఎవరికైనా కావాలంటే చెప్పండి.