పీవీ ఊరికి వెళ్తూ హనుమకొండలో ఓడిపోయాం

లాడ్జీ సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే నా కడుపుమంట చల్లారదు.

నేను, మా ఆవిడ, నాన్న. ముగ్గురికీ అని ఆన్‌లైన్‌లో 1,650 రూపాయలకు గది బుక్ చేశాను. కాజీపేటలో రైలు దిగి, ఆటోకు 150 ఇచ్చి హనుమకొండ చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. కౌంటర్లో కుర్రాడు తల కూడా ఎత్తకుండా, "ఆ రేటు ఇద్దరికే సార్. మూడో మనిషికి 600" అన్నాడు. ఫోన్ తీసి 'ముగ్గురు' అని ఉన్న చోటు చూపించాను. ఓనర్‌ను అడగాలన్నాడు. ఓనర్ ఫోన్ ఎత్తడు. నాన్న బ్యాగు మీదే కూర్చుని మోకాలు పట్టుకున్నారు. ఆ అవతారం చూశాక ఇక వాదించలేక 600 కట్టేశాను. పైకి వెళ్తే ఏసీ రిమోట్ లేదు. దానికి ఇంకో 300, కౌంటర్లోనే ఇస్తారట. వేడినీళ్లు పొద్దున బకెట్ లెక్కన, 30 రూపాయలు. మొత్తం 2,640 అయింది. దుప్పటికి మాత్రం డబ్బులు అడగలేదు, ఎందుకంటే ఇవ్వలేదు.

నేను రుసరుసలాడుతుంటే నాన్న మంచం మీద వాలి, "ఈ ఊరు పీవీనే ఓడించింది, నువ్వెంతరా" అన్నారు. మాజీ ప్రధాని పీవీ నరసింహారావు 1984 ఎన్నికల మాట అది. దేశమంతా కాంగ్రెస్ గాలి వీస్తుంటే బీజేపీకి వచ్చినవి రెండే సీట్లు. అందులో ఒకటి హనుమకొండ. చందుపట్ల జంగారెడ్డి చేతిలో పీవీ ఓడిపోయారు. మహారాష్ట్రలో రాంటెక్ నుంచి కూడా పోటీ చేసి గెలిచారు కాబట్టి లోక్‌సభలో మిగిలారు. రాత్రి పదకొండింటికి నాన్న ఇదంతా ఎంత హుషారుగా చెప్పారంటే, నా కోపం సగం దిగిపోయింది. మిగిలిన సగమే ఈ రాత.

అసలు ఈ ప్రయాణమే ఆయన ముచ్చట. పీవీ ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో సర్వేలులో గురుకుల పాఠశాల పెట్టారు. నాన్న అక్కడ చదువుకున్నారు. లేకపోతే మా తాతతో పాటు బర్రెలు కాసుకునేవాణ్ణి అంటారు. పీవీ పెరిగిన వంగర చూపించమని నాలుగేళ్లుగా అడుగుతున్నారు.

కారు రోజంతటికీ 2,800 అని మాట్లాడుకున్నాం. ఎనిమిదికి రావలసిన మనిషి తొమ్మిది నలభైకి వచ్చాడు. లక్నేపల్లి అని నేను ఫోన్‌లో చెప్తే అతను లక్నవరం అనుకున్నాడట! చెరువు చూడ్డానికి కాదు, పీవీ పుట్టిన ఊరికి అని తెలిశాక అతని ముఖం వాడిపోయింది. "ఆడేముంది సార్ చూడనీకి?" అని దారి పొడుగునా అంటూనే ఉన్నాడు.

ఎల్కతుర్తి, ముల్కనూరు మీదుగా వెళ్లాం. కారులో మా ఆవిడ కూడా రంగంలోకి దిగింది. ఆమెది నంద్యాల. 1991లో పీవీ సాధారణ ఎన్నికల్లో పోటీయే చేయలేదు. జూన్‌లో ప్రధాని అయ్యాక నంద్యాల ఉపఎన్నికలో నిలబడితే, తెలుగువాడని ఎన్టీఆర్ అభ్యర్థిని పెట్టలేదు. మెజారిటీ ఐదు లక్షలు దాటింది. "మీ ఊరోళ్లు ఓడగొడితే మా ఊరోళ్లు గెలిపించినారు మామయ్యా" అని ఆమె అంటుంటే నాన్న నవ్వుతూనే ఉన్నారు.

వంగర దగ్గర ఆ నవ్వు ఆగింది. పీవీ పుట్టింది లక్నేపల్లిలో అయినా దత్తత వచ్చి పెరిగింది ఇక్కడే. ఆ పాత పెద్ద ఇంటి ముందు, ఎవరూ చెప్పకుండానే నాన్న చెప్పులు విప్పేశారు. కాసేపటి తర్వాత నెమ్మదిగా మాట్లాడారు. భూసంస్కరణలు తెచ్చిన మనిషి తన ఇంటి భూమి కూడా వదులుకున్నారని, ముల్కీ తీర్పు (తెలంగాణ ఉద్యోగాలు స్థానికులకేనన్న నిబంధనలు చెల్లుతాయన్న తీర్పు), ప్రత్యేక ఆంధ్ర కోరిన జై ఆంధ్ర గొడవల్లో 1973 జనవరిలో ముఖ్యమంత్రి పదవి పోయిందని. టికెట్టు, గైడు, సెల్ఫీ పాయింటు కోరుకునేవాళ్లు ఇక్కడికి రాకండి. మేం గంటన్నర ఉన్నాం, నాకైతే ఇంకో గంట ఉండాలనిపించింది.

తిరిగి వస్తుంటే మా ఆవిడ ఉన్నట్టుండి, "ఇంత తెలివైనాయన 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చేస్తుంటే ఏం చేస్తున్నట్టు మామయ్యా?" అంది. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. డ్రైవర్ పాట ఆపేశాడు. చాలాసేపటికి, "అది ఆయన ఖాతాలోంచి పోదమ్మా" అన్నారు.

ఆ బరువు దించింది భోజనమే. రోడ్డు పక్క రేకుల షెడ్డు, బోర్డు కూడా లేదు. ఒక్కొక్కరికి 110 రూపాయలు. ముద్దపప్పు, పచ్చిపులుసు, వంకాయ కూర, వడియాలు. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ చేత్తో నలిపి వేసినట్టుంది, కాల్చిన ఎండుమిర్చి వాసన ముక్కుకు తగులుతోంది. "ఇంకింత పోస్కో సారూ, పులుసే కదా" అని ఆ అమ్మ మూడుసార్లు పోసింది. నాన్న గ్లాసులో పోయించుకుని మరీ తాగారు. ఎక్స్‌ట్రా అని ఒక్క రూపాయి తీసుకోలేదు. లాడ్జీవాణ్ణి తెచ్చి ఆ బల్ల మీద వారం రోజులు కూర్చోబెట్టాలి.

లక్నేపల్లి చేరేసరికి పొద్దు వాలింది, పది నిమిషాల్లో వెనక్కి తిరిగాం. వంగర హనుమకొండకు ఒక వైపు, నర్సంపేట దగ్గరి లక్నేపల్లి ఇంకో వైపు. ఒక్కరోజే ఉంటే లక్నేపల్లి మానేయండి. కారు కిలోమీటర్ల లెక్కన మాట్లాడుకోండి. "రెండు దిక్కులు తిరిగినం" అని మా దగ్గర ఇంకో 900 పిండాడు.

మర్నాడు సాయంత్రం హైదరాబాద్‌లో నెక్లెస్ రోడ్డు మీద పీవీ జ్ఞానభూమి. 2004 డిసెంబరు 23న ఢిల్లీలో పోయారు. కాంగ్రెస్ ఆఫీసు గేటు బయటే పార్థివదేహాన్ని ఉంచి, ఇక్కడికి తెచ్చారు. భారతరత్న 2024లో వచ్చింది. అక్కడ నాన్న ఏమీ మాట్లాడలేదు. బయటికొచ్చాక మొక్కజొన్న కంకి కొనుక్కుని, "ఆ 600 సంగతి ఏమైందిరా?" అన్నారు.

కంప్లయింట్ పెట్టాను. 200 రూపాయల కూపన్ పంపారు. అదే లాడ్జీలో వాడుకోవాలట.