వెనిస్‌లో బస: మెస్త్రె స్టేషన్ దగ్గరా, సాంతా లూచియా స్టేషన్ దగ్గరా? ఏది మేలు?

వెనిస్‌కి హోటల్ వెతకడం మొదలుపెడితే ఒక చిక్కు ఎదురవుతుంది. రెండు గదులు కనిపిస్తాయి. రెండూ వెనిస్ అనే రాసి ఉంటాయి, రెండూ రైల్వే స్టేషన్‌కి రెండు నిమిషాల నడక అనే చెబుతాయి. ధర మాత్రం ఒకదానిలో రెండోది సగం ఉన్నా ఆశ్చర్యం లేదు. చవకదాన్ని చూసి అదృష్టం అనుకుని బుక్ చేసేసేవాళ్లు చాలామంది. అసలు సంగతేమిటంటే వెనిస్‌కి పెద్ద స్టేషన్లు రెండు. వెనెట్సియా మెస్త్రె నేల మీద, అంటే దీవులకి ఇవతల ప్రధాన భూభాగంలో ఉంది. వెనెట్సియా సాంతా లూచియా దీవుల మీద, మనం ఫొటోల్లో చూసే వెనిస్‌లో ఉంది. మధ్యలో ఉప్పునీటి సరస్సు, దాని మీద నాలుగు కిలోమీటర్లకు కాస్త తక్కువ పొడవున్న వంతెన. రైలు వంతెన 1846లో వచ్చింది, దాన్ని ఆనుకుని రోడ్డు వంతెన 1933లో వచ్చింది.

మెస్త్రెని వెనిస్ అని రాయడం మోసమేమీ కాదు. 1926 నుంచి అది వెనిస్ పురపాలక సంఘంలో భాగమే. ఆ మాటకొస్తే జనాభాలో ఎక్కువమంది ఉండేది నేల మీదే. దీవుల్లోని పాత పట్నంలో ఉండేవాళ్లు 2022లోనే యాభై వేల కంటే తగ్గిపోయారు. కాబట్టి అడగాల్సింది అది వెనిస్సేనా అని కాదు, మీరు వెళ్తున్న పనికి ఏ స్టేషన్ పక్కన పడుకోవడం లాభం అని.

మూడో దారి కూడా ఉంది, దీవి మీద ఊరి నడిబొడ్డున ఉన్న సాన్ మార్కో చౌరస్తా దగ్గర గది తీసుకోవడం. తక్కువ ఖర్చులో వెళ్లేవాళ్లు దాన్ని పక్కన పెట్టేయొచ్చు. గది ఖరీదు ఒకటి, సామాను ఇంకొకటి. స్టేషన్ నుంచి అక్కడికి పడవలో వెళ్తే మనిషికి 9.50 యూరోలు, నడిస్తే సందులూ వంతెన మెట్లూ. ఊరి మొత్తం మీద నాలుగు వందలకు పైగా వంతెనలున్నాయి, వాటిలో చాలావాటికి మెట్లే. ఇరవై మూడు కేజీల పెట్టెతో ఆ మెట్లు ఎక్కిదిగడం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

డబ్బు లెక్క

మెస్త్రె నుంచి సాంతా లూచియాకి లోకల్ రైలు పది పన్నెండు నిమిషాలు. టికెట్ రెండు యూరోల లోపే. పగలు రైళ్లు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి కాబట్టి టైం టేబుల్ చూసే పని కూడా ఉండదు. బస్సయితే స్టేషన్ ముందు నుంచి 2 నంబరు వెళ్తుంది. అది దీవి అంచున, వాహనాలు ఆగిపోయే పియాజ్జాలే రోమాలో దింపుతుంది. అంటే ఇద్దరు మనుషులు రోజూ వెళ్లి రావడానికి ఆరు నుంచి ఎనిమిది యూరోలు. నలుగురైతే పదిహేను వేసుకోండి.

ఇక్కడిదాకా చూస్తే మెస్త్రె గెలిచినట్టే. కానీ ఈ లెక్కలో ఒకటి వదిలేశాం. మధ్యాహ్నం. వెనిస్‌లో పొద్దున్నుంచి రాత్రిదాకా నడకే. ఆటో లేదు, కారు లేదు, సైకిల్ కూడా లేదు. వేసవిలో రెండు గంటలయ్యేసరికి ఎవరికైనా కాళ్లు లాగేస్తాయి. దీవి మీద గది ఉన్నవాళ్లు వెళ్లి గంటసేపు నడుం వాల్చి, మొహం కడుక్కుని, సాయంత్రం మళ్లీ బయటికొస్తారు. మెస్త్రెలో దిగినవాళ్లు ఆ పని చేయరు. చేయొచ్చు, దూరం కాదు, టికెట్టూ పెద్దది కాదు. అయినా ఎవరూ చేయరు. స్టేషన్‌దాకా నడిచి, రైలెక్కి, దిగి, గదికి చేరి, మళ్లీ ఇదంతా వెనక్కి అంటే ఉన్న చోటు నుంచి గది గుమ్మందాకా ఒక వైపే నలభై నిమిషాలు పడుతుంది. దాంతో ఏదో ఒక కేఫ్‌లో కూర్చుంటారు. కూర్చున్నందుకు ఒక రేటు, నిలబడి తాగినందుకు ఒక రేటు ఉండే దేశం అది. పబ్లిక్ టాయిలెట్‌కి మనిషికి 1.50 యూరోలు. సాన్ మార్కో దగ్గర మెట్ల మీద కూర్చుని తెచ్చుకున్న పులిహోర పొట్లం విప్పుదామంటే జరిమానా. ఇలా చిన్నచిన్నగా పోయేవి గది అద్దెలో కనిపించవు.

నా లెక్క ఇది. ఇద్దరికి రాత్రికి ముప్ఫై యూరోల లోపు తేడా అయితే ఆలోచించకుండా సాంతా లూచియా వైపు తీసుకోవాలి. యాభై దాటితే మెస్త్రె గురించి ఆలోచించవచ్చు. ఆ మధ్యలో ఉంటే మీతో ఎవరొస్తున్నారో చూసుకోండి. అమ్మానాన్నలు వస్తుంటే ఆ మధ్యాహ్నపు కునుకుకి యాభై పెట్టినా తప్పులేదు.

సాయంత్రం సంగతి

దీవి మీద పడుకోవడానికి అసలు కారణం నా దృష్టిలో ఇదే. వెనిస్‌కి వచ్చే జనంలో చాలామంది పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవాళ్లు. పదకొండు నుంచి నాలుగు వరకు రియాల్తో వంతెన మీద మనిషిని మనిషి తోసుకుంటూ నడవాల్సిందే. ఏడు దాటాక ఊరు మెల్లగా ఖాళీ అవుతుంది. రాత్రి పది గంటలకు స్టేషన్ వైపున్న కన్నారెజో పేటలో కాలవ గట్టున నడిస్తే మీ చెప్పుల చప్పుడు మీకే వినిపిస్తుంది. పొద్దున్నే ఆరింటికి సాన్ మార్కోలో పావురాలు, చెత్త ఊడ్చేవాళ్లు తప్ప దాదాపు ఎవరూ ఉండరు. ఈ రెండు వేళలూ దీవి మీద నిద్రపోయినవాళ్లవి. మెస్త్రె వాళ్లకి అందవని కాదు, కానీ తొమ్మిదిన్నరకే ఒకరు ఫోన్‌లో రైలు టైం చూడటం మొదలుపెడతారు. అర్ధరాత్రి దాటితే రైళ్లు దాదాపు ఉండవు, పియాజ్జాలే రోమా నుంచి రాత్రి బస్సుల మీద ఆధారపడాలి. ఆ టెన్షన్ పెట్టుకుని భోజనం చేయడం నాకు నచ్చదు.

సాంతా లూచియా దగ్గర ఎక్కడ?

ఈ వైపు బుక్ చేసుకునేవాళ్లు మ్యాప్‌లో చూడాల్సింది దూరాన్ని కాదు, వంతెనల్ని. స్టేషన్ మెట్లు దిగగానే ఎదురుగా పెద్ద కాలవ. ఎడమవైపు తిరిగితే లిస్తా ది స్పాన్యా అనే వీధి. అక్కడి నుంచి సాన్ జెరెమియా చౌరస్తా దాటి గులియె వంతెన వచ్చేదాకా ఒక్క మెట్టు కూడా ఎక్కక్కర్లేదు. ఆ ముక్కలో హోటల్ దొరికితే పెట్టె చక్రాల మీదే గుమ్మందాకా వస్తుంది. అదే స్టేషన్ ఎదురుగా అవతలి గట్టున ఉన్న హోటల్, మ్యాప్‌లో నూటయాభై మీటర్లే చూపిస్తుంది. మధ్యలో స్కాల్జి వంతెన ఉంటుంది, ఎత్తైన రాతి వంతెన, రెండువైపులా మెట్లే.

లిస్తా ది స్పాన్యా అందమైన వీధేం కాదు. అలంకారపు మాస్కుల దుకాణాలు, ఫ్రిజ్ మాగ్నెట్లు, పీస్ లెక్కన అమ్మే పిజ్జా. తినడానికి ఇక్కడ ఆగొద్దు. గులియె వంతెన దాటి పది నిమిషాలు నడిస్తే కన్నారెజో లోపల మామూలు జనం తినే చోట్లు ఉన్నాయి. 1516లో యూదుల్ని ఉంచిన ఘెట్టో పేట కూడా అక్కడే. ఇంకాస్త ముందుకు వెళ్తే పాత సినిమా హాల్లో పెట్టిన సూపర్‌మార్కెట్ ఒకటుంది. పైన బొమ్మలు గీసిన కప్పు కింద పాలు, పెరుగు కొనుక్కోవచ్చు. చౌకగా తిండి గడిచే చోటు, చూడదగ్గ చోటు రెండూ అదే.

గదుల మీద మాత్రం పెద్ద ఆశలు వద్దు. దీవి మీద చవక హోటళ్లన్నీ పాత ఇళ్లే. లిఫ్ట్ ఉండకపోవచ్చు, గది మూడో అంతస్తులో ఉండొచ్చు, వన్ స్టార్ హోటల్ అయితే బాత్రూం వరండాలో నలుగురికీ కలిపి ఉండొచ్చు. బుక్ చేసే ముందు ఈ మూడూ విడివిడిగా చూసుకోవాలి. జూలై, ఆగస్టుల్లో అయితే ఏసీ ఉందో లేదో కూడా. కాలవ పక్కన దోమలుంటాయి, కిటికీ తీసి పడుకుందామన్న ఆలోచన పని చేయదు. ఒక ఊరట, ఇటలీలో ఇళ్లకు బిడే, అంటే టాయిలెట్ పక్కన నీళ్లతో కడుక్కునే తొట్టి, తప్పనిసరి చేస్తూ 1975లోనే నిబంధన వచ్చింది, హోటళ్లలో కూడా అది సాధారణంగా కనిపిస్తుంది. యూరప్ అంటే కాగితమే గతి అని చెంబు కోసం వెతుక్కునే మనవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

మెస్త్రె స్టేషన్ చుట్టుపక్కల

మెస్త్రె హోటళ్లు కొత్తవి, గదులు వెడల్పుగా ఉంటాయి, లిఫ్ట్ ఉంటుంది, పొద్దున టిఫిన్ బఫే పెద్దది. స్టేషన్ పక్కన కా మార్చెల్లో వీధిలో ఈ మధ్యనే పెద్ద పెద్ద హాస్టళ్లు, హోటళ్లు లేచాయి. నలుగురికి ఒకే గది, చిన్న వంటగది ఉన్న గది కావాలంటే అక్కడ దొరికినంత సులువుగా దీవి మీద దొరకదు. ఇద్దరు పిల్లలున్న కుటుంబానికి ఇది పెద్ద తేడా. దీవి మీద రెండు గదులు తీసుకోవాల్సి వస్తే పైన నేను చెప్పిన లెక్కంతా తలకిందులవుతుంది.

స్టేషన్ పరిసరాల గురించి భయపెట్టే మాటలు వింటారు. కొంత నిజమే. ముఖ్యంగా పియావె వీధి వైపు రాత్రిపూట మత్తుమందుల బేరాలు, తాగి తిరిగేవాళ్లు కనిపిస్తారని ఊరివాళ్లే ఎప్పటినుంచో ఫిర్యాదు చేస్తున్నారు. యూరప్‌లో పెద్ద స్టేషన్ల దగ్గర ఇది మామూలే. జేబు జాగ్రత్తగా పెట్టుకుని, స్టేషన్‌కి ఐదు నిమిషాల లోపు, వెలుతురున్న రోడ్డు మీద హోటల్ ఎంచుకుంటే సరిపోతుంది. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు రాత్రి పదకొండింటికి రైలు దిగి నడవాలంటే మాత్రం నేను సాంతా లూచియానే తీసుకోమంటాను.

అదే పియావె వీధికి ఇంకో ముఖం ఉంది. పక్కనున్న మార్గెరాలో ఓడలు కట్టే కర్మాగారం ఉండటంతో బంగ్లాదేశ్ నుంచి వచ్చిన కుటుంబాలు మెస్త్రెలో చాలా స్థిరపడ్డాయి. వాళ్ల కొట్లలో పచ్చిమిరపకాయలు, కందిపప్పు, బాస్మతి బియ్యం దొరుకుతాయి, అన్నం కూర పెట్టే హోటళ్లున్నాయి. నాలుగు రోజులు పాస్తా తిన్నాక నాన్నగారు అన్నం అడిగితే వెళ్లాల్సింది అక్కడికే.

మెస్త్రె ఇంకో రకంగా కూడా గట్టిది. అది జంక్షన్. పదువా అరగంట లోపు, వెరోనా గంటకు కాస్త పైన. నాలుగైదు రోజులుండి చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, వెనిస్‌కి ఒకటిన్నర రోజు చాలనుకునేవాళ్లకి దీవి మీద గది వృథా ఖర్చు. జర్మనీ, ఆస్ట్రియాల నుంచి సొంత కారులో దిగే మనవాళ్లు కూడా మెస్త్రెలోనే ఉండాలి. కారు దీవి అంచుదాకానే వెళ్తుంది, అక్కడి పార్కింగ్ ఖర్చు గది తేడాని మింగేస్తుంది.

పన్నులు

పగలు వచ్చి పోయేవాళ్ల దగ్గర ఐదు యూరోల ప్రవేశ రుసుము వసూలు చేయడం 2024 ఏప్రిల్ 25న మొదలైంది. ఏడాది పొడవునా కాదు, ముందే ప్రకటించిన రద్దీ రోజుల్లోనే. 2025లో ఆఖరి నిమిషంలో కట్టేవాళ్లకి పది చేశారు. మెస్త్రెలో ఉంటే ఇది కట్టాలేమో అని చాలామందికి అనుమానం. కట్టక్కర్లేదు. మెస్త్రె అదే పురపాలక సంఘం కాబట్టి అక్కడ రాత్రి బస చేసినవాళ్లకీ మినహాయింపే, కాకపోతే ఆన్‌లైన్‌లో మినహాయింపు కోడ్ తీసుకుని ఫోన్‌లో ఉంచుకోవాలి. పదువాలో ఉండి వచ్చేవాళ్లకి ఈ వెసులుబాటు లేదు. హోటల్లో మనిషికి, రాత్రికి కట్టే బస పన్ను వేరు, అది రెండుచోట్లా ఉంది, మెస్త్రెలో కొంచెం తక్కువ. బుక్ చేసినప్పుడు కనిపించిన ధరలో సాధారణంగా ఇది కలవదు.

వెళ్లే రోజు

మార్కో పోలో విమానాశ్రయం నేల వైపే ఉంది కాబట్టి తెల్లవారుజాము విమానానికి మెస్త్రె మేలని అందరూ అంటారు. తేడా అనుకున్నంత లేదు. మెస్త్రె స్టేషన్ నుంచీ, పియాజ్జాలే రోమా నుంచీ కూడా నేరుగా బస్సులున్నాయి, రెండింటికీ దాదాపు అరగంట లోపే. లిస్తా ది స్పాన్యాలో దిగినవాళ్లకి ఉన్న అడ్డంకి ఒక్కటే, స్టేషన్‌కీ పియాజ్జాలే రోమాకీ మధ్య 2008లో కట్టిన కొత్త వంతెన. దానికీ మెట్లే. వద్దనుకుంటే సాంతా లూచియాలో రైలెక్కి మెస్త్రెలో దిగి అక్కడి నుంచి బస్సు పట్టుకోవచ్చు.

బయల్దేరే ముందు రోజు రాత్రి సమ్మె ఉందేమో ఒకసారి చూసుకోండి. ఇటలీలో సమ్మెలు ముందే ప్రకటించి చేస్తారు. పనిరోజుల్లో పొద్దున ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య లోకల్ రైళ్లు కొన్ని తప్పకుండా నడుపుతారు. మెస్త్రెలో ఉన్నవాళ్లు ఆ రోజు ఆ వేళల్లోనే దీవికి వెళ్లి రావాలి. దీవి మీద ఉన్నవాళ్లకి ఊళ్లో తిరగడానికి సమ్మెతో పనిలేదు, ఊరు దాటాలంటేనే ఇబ్బంది.