హాస్టల్ ఫ్యాన్లు మార్చిన కంపెనీ: వార్డెన్‌గా నా మాట

మధురవాడలోని మా కాలేజీ హాస్టల్లో ఒక కంపెనీ పాత ఫ్యాన్లు తీసేసి బీఎల్‌డీసీ ఫ్యాన్లు (బ్రష్‌లు లేని డీసీ మోటారుతో, తక్కువ కరెంటుకే తిరిగేవి) బిగించింది. కాలేజీ పైసా పెట్టలేదు. కరెంటు బిల్లులో ఆదా అయినదాంట్లో వాళ్లకి వాటా. పాతది 75 వాట్లు లాగితే ఇది 30 చుట్టూ. వైజాగ్ ఉక్కపోతకి హాస్టల్లో ఫ్యాన్ ఆగేదెప్పుడు? అందుకే బిల్లులో తేడా బాగానే తెలుస్తోంది. వోల్టేజీ పడిపోయినా స్పీడు తగ్గట్లేదు.

చిరాకల్లా రిమోట్లతోనే. ఒకటి నొక్కితే పక్క మంచం మీది ఫ్యానూ ఆగిపోతుంది, పిల్లలకి అదో ఆట. ఉప్పుగాలికి స్క్రూలు తుప్పు పట్టాయి. ఫోన్ చేస్తే వచ్చి స్టీలువి వేసి వెళ్లారు.

నాలుగు స్టార్లు ఇస్తాను. ఒప్పందంలో మాత్రం సెలవుల లెక్క ముందే రాయించుకోండి. హాస్టల్ ఖాళీగా ఉన్నా బిల్లు తగ్గుతుంది, దానికీ వాటా ఇస్తామా?