‘చాప్ సూయ్!’ వాయించాలంటే: నాట్ ఈవెన్ స్లింకీ 12–56 తీగల సెట్

అమెరికన్ రాక్ బృందం సిస్టమ్ ఆఫ్ ఎ డౌన్ 2001లో విడుదల చేసిన ‘చాప్ సూయ్!’ గిటారు డ్రాప్ సీ శ్రుతిలో ఉంటుంది: లావు తీగ నుంచి సి, జి, సి, ఎఫ్, ఎ, డి. చాలా గిటార్లతో వచ్చే 10–46 సెట్‌ని (అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన సన్న తీగ మందం 10, లావు తీగది 46) ఇక్కడికి దించితే ఆరో తీగ, అంటే అన్నిటికంటే లావుదాని, బిగువు మూడో వంతుకు పైగా పోతుంది. పిక్ గట్టిగా తగిలితే స్వరం పైకి లేచి కిందికి జారుతుంది. విరుచుకుపడి టక్కున ఆగడమే ఈ పాటకి ప్రాణం. వదులు తీగ మీద ఆ ఆగడం కుదరదు.

ఎర్నీ బాల్ వాళ్ల నాట్ ఈవెన్ స్లింకీ సెట్‌లో 56 తీగ ‘సి’ దగ్గర, మామూలు 46 తీగ ‘ఇ’ దగ్గర ఉన్నంత బిగువుగానే దాదాపు ఉంటుంది. లావు తీగలు మూడూ ఒక్క వేలితో నొక్కి పవర్ కార్డులు (కలిపి వాయించే రెండు మూడు స్వరాలు) మారుస్తుంటే ప్రతి దెబ్బా విడిగా వినిపిస్తుంది.

దీని లోపమల్లా మూడో తీగ. 24 మందం, పైన చుట్టు లేని ఒంటి ఉక్కు. ‘ఎఫ్’కి దించినా మామూలు 17 తీగకంటే సుమారు ఒకటిన్నర రెట్లు బిగువు. బెండ్ చేయడం (తీగని పక్కకి లాగి స్వరం పెంచడం) కష్టం, ఫ్రెట్ (మెట్టు) దగ్గర నొక్కితే స్వరం ఎక్కువ పలుకుతుంది. పాట చివర్లో లూకా సువార్త 23:46లోని ప్రార్థన వస్తుంది. ఆ ప్రార్థన దగ్గర కార్డులో ఒక్క స్వరం తప్పినా చెవికి గుచ్చుకుంటుంది. అందుకే మూడోది తీసేసి, విడిగా దొరికే 20 ప్లెయిన్ తీగ వేసుకోండి.

బొబ్బిలి వీణకైతే మెట్లు మైనం మీద ఉంటాయి, జరిపి స్వరం సరిచేస్తారు. గిటారు ఫ్రెట్లు కదలవు, జరిపేది శాడిల్నే (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క). 12వ ఫ్రెట్ దగ్గర నొక్కిన స్వరం అక్కడి హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి పలికించే స్వరం) కంటే ఎక్కువ పలికితే శాడిల్ వెనక్కి జరపాలి.

46కి కోసిన నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే పట్టీ) గాడిలో 56 పట్టదు. ఇరుక్కుపోయి, కీ తిప్పుతుంటే టింగుమని ఒక్కసారిగా జారుతుంది. విజయనగరంలో రిపేరుకి ఇచ్చేటప్పుడు గాడి వెడల్పు మాత్రమే పెంచమని గట్టిగా చెప్పండి. లోతు పెరిగిందా, ఓపెన్ తీగ మొదటి ఫ్రెట్‌కి తగిలి గరగరలాడుతుంది, నట్ మార్చాల్సిందే. మొత్తం బిగువు పెరగడంతో నెక్ ముందుకి వంగితే ట్రస్ రాడ్ (నెక్ లోపలి లోహపు కడ్డీ) పావు చుట్టు బిగించి, మళ్లీ శ్రుతి చేసి చూడాలి. ఫ్లోటింగ్ బ్రిడ్జి (స్ప్రింగుల పట్టుతో నిలిచే బ్రిడ్జి) అయితే వెనక స్ప్రింగులూ బిగించాలి.

వీటికి కోటింగ్ లేదు. కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రపు ఊళ్లలో సన్న తీగలు త్వరగా తుప్పు పడతాయి. వాయించాక పొడి నూలుగుడ్డతో తీగల అడుగువైపు కూడా తుడవండి. ఒకే గిటారు ఉండి, మామూలు ‘ఇ’ శ్రుతిలోనూ వాయించేవాళ్లు ఈ సెట్ కొనొద్దు.