అనంతపురం ఎండల్లో హెచ్‌ఎంటీ జనతా: ఏళ్ల వాడకం తర్వాత

కీ ఇచ్చే వాచీ పెట్టుకున్నవాళ్లను అందరూ అడిగేది ఒక్కటే: టైము సరిగ్గా చూపిస్తుందా? నా హెచ్‌ఎంటీ జనతా చూపించదు. రోజుకు ఎనిమిది, పది సెకన్లు ముందుకు పోతుంది. కానీ ఏళ్లుగా దాదాపు అంతే పోతోంది, నాకు కావలసిందీ అదే. తప్పు ఎంతో ముందే తెలిస్తే ఇబ్బంది లేదు. ఇవాళ ఐదు సెకన్లు ముందు, రేపు ఇరవై వెనక నడిచే వాచీతోనే తలనొప్పి.

దీన్ని బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. హెచ్‌ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో వాచీల కర్మాగారం పెట్టింది అక్కడే కాబట్టి, అనంతపురానికి ఇవి పొరుగూరి సరుకే. జనతాలో 17 జ్యూయెల్స్ (ఇరుసులు అరగకుండా పెట్టే చిన్న రాళ్లు), గంటకు 18,000 టిక్కులు. అంటే రోజుకు 4,32,000. పది సెకన్లు ముందుకు పోయిందంటే వాటి మీద ఓ యాభై టిక్కులు అదనంగా కొట్టిందన్నమాట. స్విట్జర్లాండులో వాచీలను క్రోనోమీటర్‌గా, అంటే అతి కచ్చితమైనవిగా ధ్రువీకరించే సంస్థ కూడా సగటున రోజుకు నాలుగు సెకన్లు వెనక్కీ ఆరు సెకన్లు ముందుకీ ఒప్పుకుంటుంది. ఆ లెక్కన మన సామాన్యుడి వాచీ పరువు నిలబెట్టుకున్నట్టే.

నిలకడంతా కీ ఇవ్వడంలోనే ఉంది. రోజూ పొద్దున ఒకే వేళకు, చేతి నుంచి తీసి, కీ ఇక తిరగనని ఆగేదాకా ఇస్తాను. అక్కడితో సరి, బలవంతం కూడదు. స్ప్రింగు తెగుతుందేమోనని సగంలో ఆపేసేవాళ్లున్నారు. స్ప్రింగు బిగువు తగ్గేకొద్దీ, అటూ ఇటూ ఊగుతూ టైమును కొలిచే బ్యాలెన్స్ చక్రం ఊపు తగ్గి నడక మారుతుంది, కాబట్టి అలా ఆపడం వల్లే వాచీ గాడి తప్పుతుంది.

కీ ఇచ్చే ముందే ఫోనులో టైము చూసి, తేడా ఎంతో క్యాలెండర్ మీద రాసుకుంటాను. రోజూ ముల్లు సరిచేస్తే వాచీ గుణం ఎప్పటికీ తెలియదు. వారం పాటు ముట్టుకోకుండా వదిలేస్తే తెలుస్తుంది. నా వాచీలో కీ బయటికి లాగినా సెకన్ల ముల్లు ఆగదు, కాబట్టి సెకన్లతో సహా కలపాలంటే అది పూర్తిగా ఆగిపోయాక ముళ్లు ముందే పెట్టుకుని, ఆ నిమిషం, ఆ సెకను రాగానే కీ ఇవ్వాలి. ఈ పని సరదాగానే ఉంటుంది, ఆఫీసుకు వెళ్లే హడావిడిలో మాత్రం కాదు.

రాత్రి పడుకోబెట్టే తీరులోనూ చిన్న కిటుకుంది. అద్దం పైకి ఉండేలా పెడితే నాది కాస్త ముందుకు పోతుంది, కీ కిందికి ఉండేలా పక్కకు నిలబెడితే కొంత వెనక్కి తగ్గుతుంది. వాచీ వెల్లకిలా ఉన్నప్పుడు బ్యాలెన్స్ చక్రం ఇరుసు ఒక రకంగా, వాచీ నిలువుగా ఉన్నప్పుడు మరో రకంగా రాసుకోవడమే కారణం. వారంలో తేడా నిమిషం దాటేలా ఉంటే రెండు రాత్రులు పక్కకు నిలబెడతాను. ఏ వైపు పెడితే ఎటు పోతుందన్నది వాచీని బట్టి మారుతుంది, ఎవరిది వాళ్లు చూసుకోవాల్సిందే.

మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో వేడికి వాచీ ఏమవుతుందని భయపడ్డాను గానీ, చేతికి ఉన్నంతసేపు పెద్ద తేడా కనిపించలేదు. వేడికి అంతగా లొంగని నికెల్ ఉక్కు లోహాల మీద చేసిన కృషికే గియోమ్ అనే శాస్త్రవేత్తకు 1920లో నోబెల్ వచ్చింది; బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నటి హెయిర్ స్ప్రింగులకు వేడితో వచ్చే బాధ చాలావరకు తీరింది ఆ దారిలోనే. మనకు అసలు శత్రువులు చెమట, దుమ్ము. ఆషాఢంలో గాలి మొదలైతే ఆ మట్టి ఎక్కడికి చేరుతుందో చెప్పనక్కర్లేదు. జనతాకు నీటి నుంచీ పెద్ద రక్షణ లేదు, బండి మీద వెళ్తూ వానలో చిక్కుకుంటే తీసి జేబులో వేసుకుంటాను.

వాచీ హఠాత్తుగా రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పోతుంటే ముందు అనుమానించాల్సింది అయస్కాంతాన్ని. ఫోను కవరుకుండే అయస్కాంతపు బిళ్ల, స్పీకరు చాలు. హెయిర్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అతుక్కుని దాని పొడవు తగ్గినట్టవుతుంది. పిల్లల దిక్సూచి పక్కన పెట్టి, సూది గట్టిగా కదిలితే అయస్కాంతం తీసే చిన్న పరికరంతో పని అయిపోతుంది. విప్పాల్సిన అవసరం లేదు.

సర్వీసింగ్ నాలుగైదేళ్లకోసారి. ఇక్కడే జాగ్రత్త. మిషన్ మొత్తాన్ని విప్పకుండా పెట్రోలులో ముంచి, ఆరబెట్టి, నూనె చుక్క వేసి ఇచ్చేవాళ్లున్నారు. అలా చేస్తే నెల బాగా నడిచి మళ్లీ మొదటికే వస్తుంది. ఒక్కో చక్రం విడదీసి కడిగే మేస్త్రీ దొరికితే అడిగినంత ఇచ్చేయండి. నడకను కాస్త తగ్గించే మీటను కూడా ఆయన చేతే తిప్పించండి, వెంట్రుకవాసి జరిగితే సెకన్ల కొద్దీ మారుతుంది.

మీరూ కొనాలనుకుంటే, ఇంటర్నెట్‌లో తళతళలాడే డయల్‌తో వచ్చే పాత జనతాలను నమ్మకండి. చాలావాటికి పైన పెయింటే కొత్తది. వెనుక మూత తీసిన ఫొటో అడగండి, పంపకపోతే ఆ బేరం వదిలేయండి.