శ్రీకాకుళంలో అండర్-13 ఫుట్‌బాల్ కోచింగ్: ఆట నేర్పడం బాగుంది, టీమ్ ఎంపికే బాగోలేదు

శ్రీకాకుళం టౌన్‌లో పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పే ఒక ప్రైవేటు సెంటర్ మీద ఇది మా అభిప్రాయం. ఇదే లోపం ఇంకా చాలా చోట్ల ఉంది కాబట్టి పేరు రాయడం లేదు.

నేర్పే పని బాగుంది. ఈ వయసుకి తగ్గ 4వ నంబరు బంతే వాడుతున్నారు, అదీ తలకొకటి. బంతిని ఊరికే ఆపడం కాదు, తరవాత ఎటు వెళ్లాలో అటే మొదటి టచ్‌తో మళ్లించడం నేర్పిస్తున్నారు. కట్టిన ఫీజుకి న్యాయం జరుగుతోంది.

ఇబ్బందంతా టీమ్ ఎంచే రోజునే. 30 మీటర్ల పరుగు, బంతి ఎంత దూరం తన్నగలడో చూడటం, ఆ తరవాత పెద్ద గ్రౌండ్‌లో పదకొండేసి మందితో ఒక మ్యాచ్. ఈ మూడింట్లోనూ తేలేది ముఖ్యంగా కాళ్ల పొడుగూ కండబలమూ. అప్పుడే నూనూగు మీసం వచ్చినవాడు బంతిని ముందుకి తన్ని, దాని వెంట పరిగెత్తి, అడ్డొచ్చినవాణ్ని భుజంతో తోసి గోల్ కొడతాడు. బక్కపలచటివాడు బంతి అందకముందే మెడ తిప్పి వెనక చూసుకుని, ఒక్క టచ్‌లో పాస్ ఇస్తాడు. మార్కుల కాగితంలో దానికి గడే లేదు. "గుంటడు చిన్నోడు, వచ్చే ఏడు చూద్దాం" అనేసి పంపేస్తారు.

మగపిల్లలు అన్నిటికంటే వేగంగా పొడుగయ్యేది సగటున 14 ఏళ్లప్పుడు, ఆడపిల్లలు 12 ఏళ్లప్పుడు. మగపిల్లల్లోనే కొందరికి ఆ ఊపు 12కే వస్తుంది, కొందరికి 16కి గానీ రాదు. ఒకే ఏడాది జనవరిలో పుట్టాడా, డిసెంబరులో పుట్టాడా అన్నది వేరే లెక్క. డిసెంబరు పిల్లాడే ముందు పొడుగైపోవచ్చు.

ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లేశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం గెలిచింది 69 కిలోల విభాగంలో. విభాగాలు ఎందుకో ఈ జిల్లాకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ 2015లో తన అకాడమీ పిల్లలకి ఇలాంటి పద్ధతే పెట్టి చూసింది. పెద్దయ్యాక వస్తుందనుకున్న ఎత్తులో 85-90 శాతానికి చేరినవాళ్లని ఒక గుంపుగా ఆడించింది. దీన్నే బయోబ్యాండింగ్ అంటారు.

ఇక్కడ మొదలుపెట్టడానికి గోడా టేపూ బరువు మిషనూ చాలు. మూడు నెలలకోసారి, పొద్దున్నే ప్రాక్టీసుకి ముందు, వట్టి కాళ్లతో కొలవాలి. సాయంత్రానికి వెన్ను కుంగి ఎత్తు ఒక సెంటీమీటరు దాకా తగ్గుతుంది. ప్రతివాణ్నీ రెండుసార్లు కొలవాలి: మూడు నెలల కొలతలో అర సెంటీమీటరు తప్పితే ఏడాది లెక్కలో అది రెండు సెంటీమీటర్లవుతుంది. మూడు నెలల్లో రెండు సెంటీమీటర్లు పెరిగాడంటే ఊపులో ఉన్నట్టే. పెద్దయ్యాక వచ్చే ఎత్తుకి ఖామిస్-రోష్ లెక్క ఉంది. వయసు, ఎత్తు, బరువు, తల్లిదండ్రుల ఎత్తు కావాలి. అమ్మానాన్నల ఎత్తు నోటిమాటగా రాసుకోవద్దు, కొలవండి. ఆ లెక్క అమెరికా పిల్లల మీద కట్టింది, మనవాళ్లకి అచ్చంగా సరిపోదు. కాబట్టి ప్రాక్టీసులో గుంపులు కట్టడానికి వాడాలి గానీ ఎవర్నీ తీసెయ్యడానికి కాదు.

ఊపులో ఉన్నవాడికి కొన్నాళ్లు టచ్ చెడొచ్చు, మోకాలి చిప్ప కిందా మడమ వెనకా నొప్పి పుట్టొచ్చు. అప్పుడు గెంతులూ స్ప్రింట్లూ తగ్గించాలి. ఇక్కడ మాత్రం బద్ధకమని రౌండ్లు పెంచుతున్నారు. ఇది వెంటనే ఆపాలి.

పిల్లల్ని చేర్పించండి. కానీ ఫీజు కట్టేముందే రెండు అడగండి: చిన్న గ్రౌండ్‌లో ఐదేసి మందితో, సమాన ఎదుగుదల ఉన్నవాళ్ల మధ్య ఒక ఆట చూశాకే టీమ్ ఎంచుతారా? టీమ్‌లోకి రానివాళ్లకి కూడా అన్ని రోజులూ ప్రాక్టీసు ఉంటుందా? ఇప్పుడు వాళ్లకి వారానికి రెండు రోజులే ఇస్తున్నారు. ఆలస్యంగా ఎదిగే పిల్లాడు ఆటలో వెనకబడేది అక్కడే.