కాలమ్ టైపు ఈపీఎస్: చేతికి తేలిక, చెవికి అప్పుడప్పుడు టక్‌టక్

చిన్న కార్లలో ఎక్కువగా వచ్చే ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ (ఈపీఎస్) ఇది. 1988లో సుజుకీ సెర్వోలో వచ్చిన పద్ధతే, ఇప్పటికీ ఎముకలగూడు మారలేదు. మోటారు, గేర్లు డ్యాష్‌బోర్డు కింద స్టీరింగ్ కాలమ్‌కే, అంటే స్టీరింగ్ వీల్ నుంచి కిందికి దిగే షాఫ్టు ఉన్న గొట్టానికే, బిగించి ఉంటాయి. పంపు, బెల్టు, ఆయిలు లేవు కాబట్టి లీకుల గోలా లేదు.

షాఫ్టు మధ్యలో టోర్షన్ బార్ అని సన్నటి ఉక్కు కడ్డీ ఉంటుంది. మనం తిప్పితే టైర్లు మొరాయిస్తాయి, ఆ కడ్డీ కొద్ది డిగ్రీలు మెలిపడుతుంది. ఆ మెలికను టార్క్ సెన్సర్ కొలుస్తుంది. ఈసీయూ అనే చిన్న కంప్యూటరు దానికి బండి వేగం కూడా జోడించి మోటారుకు ఎంత కరెంటు పంపాలో తేలుస్తుంది. మోటారు తిప్పే ఉక్కు వార్మ్ (మర చుట్లున్న గేరు), ప్లాస్టిక్ పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. ఆ బలం షాఫ్టు మీదుగా ర్యాక్‌కు, అంటే ముందు చక్రాలను పక్కకు తిప్పే పళ్ల కడ్డీకి, చేరుతుంది. వేగం పెరిగేకొద్దీ సాయం తగ్గుతుంది.

పార్కింగ్‌లో దీనికి పూర్తి మార్కులు. హైవే మీద మాత్రం పాస్ మార్కులే. రోడ్డు సంగతి చేతికి చేరాలంటే ఆ గేర్ల రాపిడిని, మోటారు బరువును దాటుకుని రావాలి. సగం దారిలోనే ఇంకిపోతుంది. బరువైన బళ్లకు ఇది సరిపోదు. మోటారు బలమంతా కాలమ్‌ను కింద ర్యాక్‌తో కలిపే ఇంటర్మీడియట్ షాఫ్టు, ర్యాక్‌ను తోసే చిన్న గేరు (పినియన్) మోయాలి. అందుకే పెద్ద కార్లలో మోటారును ర్యాక్ మీదే పెడతారు.

ఫిర్యాదుల దగ్గరికొస్తే, ‘స్టీరింగ్ పోయింది’ అన్న బళ్లలో ముందు చూడాల్సింది స్టీరింగ్ కాదు, బ్యాటరీ. నేరుగా పోతున్నప్పుడు మోటారు లాగే కరెంటు నామమాత్రం. నిలబెట్టి చక్రాలు తిప్పితే పదుల ఆంపియర్లు లాగుతుంది. ఇంజను ఆన్‌లో ఉండగా చాలా బళ్లలో 13.5 నుంచి 14.5 వోల్టులు రావాలి. ఒకరు స్టీరింగ్‌ను ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పుతుంటే, ఈపీఎస్ ఎర్త్ వైరుకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య మీటరు పెట్టండి. 0.2 వోల్టులు బాగా దాటితే ఎర్త్ బోల్టు తుప్పు గీకి బిగించాలి.

కొస దాకా తిప్పి అలాగే పట్టుకుంటే మోటారు తిరగదు, కరెంటు మాత్రం పారుతుంది, వేడెక్కుతుంది. ఈసీయూ సాయం తగ్గించేస్తుంది. చల్లారాక మామూలవుతుంది, అది జబ్బు కాదు. సాయం పూర్తిగా ఆగినా షాఫ్టు నేరుగా ర్యాక్‌కే కలిసి ఉంటుంది. బండి తిరుగుతుంది, భుజాలు నొప్పెడతాయంతే.

ఇక ఆ టక్‌టక్. కొన్ని మోడళ్లలో మోటారుకూ వార్మ్‌కూ నడుమ నక్షత్రం ఆకారంలో చిన్న రబ్బరు కప్లింగ్ ఉంటుంది. కొత్తదాని కొమ్ములు బొద్దుగా ఉంటాయి. అరిగినదాన్ని బయటికి తీస్తే కొమ్ములు సన్నబడి, వేళ్లకు నల్లటి పొడి అంటుతుంది. స్టీరింగ్ కొద్దిగా ఎడమ కుడి ఆడిస్తేనే చప్పుడొస్తే దీన్ని అనుమానించండి. గుంతల్లో మాత్రమే వస్తే ఇంటర్మీడియట్ షాఫ్టు జాయింటు మీద చెయ్యి వేసి చూడండి, ఆట (లూజు) వేళ్లకే తెలుస్తుంది. ఇవి చూడకుండా కాలమ్ మొత్తం మార్చాలన్న వర్క్‌షాపు మాట వినొద్దు.

మార్చక తప్పనప్పుడు బ్యాటరీ నెగెటివ్ తీసి, ఎయిర్‌బ్యాగ్ కోసం కొన్ని నిమిషాలు ఆగాలి. స్టీరింగ్ వీల్ విచ్చలవిడిగా తిరగకుండా కట్టేయాలి, లేకపోతే వీల్‌లోని ఎయిర్‌బ్యాగ్, హారన్‌లకు కరెంటు అందించే చుట్ట వైరు (క్లాక్ స్ప్రింగ్) తెగుతుంది. షాఫ్టు రాకపోతే సుత్తితో కొట్టడం మహాపాపం. లోపలున్నది టార్క్ సెన్సర్. బిగించాక స్కానర్‌తో ఆ సెన్సర్‌కు జీరో పెట్టేటప్పుడు చక్రాలు నేరుగా ఉండాలి, వీల్ మీద చెయ్యి ఉండకూడదు. చెయ్యి ఆనించి ఉంచితే ఆ తోపునే ఈసీయూ సున్నా అనుకుంటుంది, ఆపైన బండి ఒక పక్కకే లాగుతుంది.

రీకండిషన్డ్ కాలమ్ కొనొచ్చు. అయితే పార్టు నంబరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. చూడ్డానికి ఒకేలా ఉన్నా, ఇంజను బరువును బట్టి లోపలి సాయం లెక్క వేరుగా ఉండొచ్చు. మోటారు విప్పించి ప్లాస్టిక్ పళ్లు చూడకుండా మాత్రం డబ్బు కట్టకండి.